పాడవని బళ్ళ మేస్త్రీ

ఏంట్రా, రేపు తెల్లారగానే బయల్దేరుతున్నారటగా? కూర్చో, ఆ తాళాలు బల్ల మీద పెట్టు. కొత్త కారంటున్నావు గానీ కొత్త నీకే, దానికి తొమ్మిదేళ్ళు. ఎవరికైనా చూపించావా? బాగానే నడుస్తోందా. హమ్మయ్య, వచ్చేసిందా ఆ మాట. నీ వయసులో నేనూ సరిగ్గా ఇదే మాట అన్నానురా, ఇలాగే కాలు మీద కాలేసుకుని. ఎవరితోనో తెలుసా, మీ అమ్మమ్మ వాళ్ళ నాన్నతో. నువ్వు చూళ్ళేదులే, మీ అమ్మకి ఏడేళ్ళప్పుడే పోయాడు మహానుభావుడు. ఆ మాటతో మొదలైన భాగోతంలో నాకు మీ అమ్మమ్మ దక్కకుండా పోవాల్సింది. నవ్వకు. నిజంగా చేజారిపోయేదే. ఆవిడ లోపల వింటోందేమో, కాస్త ఇటు జరిగి కూర్చో, చెప్తాను.

ఆయన్ని ఊళ్ళో అందరూ నిద్ర మేస్త్రీ అనేవాళ్ళు. ఊరి చివర రేకుల షెడ్డు. లోపల గచ్చు మధ్యలో పొడుగాటి గొయ్యి, మనిషి దిగి కారుని కింద నించి చూడ్డానికి. గోడకి మేకులు, ఒక్కో మేకుకీ ఒక్కో పాన, ఏ పాన ఏ మేకుదో గోడ మీద రంగుతో బొమ్మ గీసి ఉండేది. వారంలో ఆరు రోజులు అందరు మెకానిక్కుల్లాగే చెడిపోయిన బళ్ళు బాగుచేసేవాడు. ఆదివారం మాత్రం గుమ్మానికి ఓ అట్ట వేలాడదీసేవాడు. దాని మీద ఏముండేదో చెప్పు చూద్దాం. 'ఈ రోజు పాడవని బళ్ళు మాత్రమే' అని. జనం పగలబడి నవ్వేవాళ్ళు. పాడవని బండిని షెడ్డుకి ఎవడు తెస్తాడయ్యా, జబ్బు లేనివాడు మంచమెక్కినట్టు? అలాగని మొహం మీదే అడిగేవాళ్ళు. ఆయనకి కోపం రాదు. పాడయ్యాక ఎలాగూ తెస్తారుగా, అప్పుడు తొందరేముంది అనేవాడు. ఊరికే చూసేవాడురా, పైసా పుచ్చుకోడు.

చూసే పద్ధతి మరీ విడ్డూరం. వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని పడుకుని, కళ్ళు మూసుకుని, పోనీ అనేవాడు. అంతే. ముందు బండి నిలబెట్టి దీపాలు, హారను, బ్రేకు. ఆ తర్వాత వీధి చుట్టూ ఒక చుట్టు. మనం నడుపుతూ ఉంటే ఆయన వెనక కదలడు, మెదలడు, పడుకున్నాడనే అనుకుంటాం. ఒక్కోసారి నిజంగానే పడుకునేవాడని మీ అమ్మమ్మ అంటుంది, నేను మాత్రం నమ్మను. తిరిగి షెడ్డులోకి రాగానే కళ్ళు తెరవకుండా మొదలుపెట్టేవాడు, ఎడమ వెనక చక్రం, స్టీరింగ్ కింద, ముందు బ్రేకు గొట్టం అని. ఆయన చెప్తుంటే ఓ అమ్మాయి చాక్‌పీసు పట్టుకుని, చెప్పిన చోటల్లా గుండ్రంగా సున్నా చుట్టేది. ఆ తర్వాత గోతిలోకి దిగి ఆ సున్నాలు నిజమో కాదో తానే చూసేది. ఆ సున్నా చెరపడానికి వీల్లేదు. బాగుచేయించుకున్నాక బండి వాడే స్వయంగా తుడవాలి. అదీ నియమం. ఆ అమ్మాయి ఎవరో వేరే చెప్పాలా.

నేను అక్కడికి నా ఇష్టంతో వెళ్ళలేదు సుమా. అప్పటికి నేను టాక్సీ కొని ఏడాది. నర్సమ్మ ఒకావిడ ఉండేది, కాన్పులకి ఇంటింటికీ తిరిగేది, ఎప్పుడు పిలుపొచ్చినా నా బండే. ఒకరోజు ఎక్కి కూర్చుని, మళ్ళీ దిగిపోయింది. అబ్బాయ్, నీ బండి కుంటుతోంది, నిద్ర మేస్త్రీకి చూపించుకుని రా, అప్పటిదాకా నేను ఎక్కను అంది. నాకు ఒళ్ళు మండింది. పైకి మాత్రం సరేనమ్మా అన్నాను, ఆవిడ ఊరందరికీ చెప్తే నా పని గోవింద. ఆదివారం పొద్దున్నే బండిని అద్దంలా తుడిచి, టైర్లకి నల్లరంగు కొట్టి, తల దువ్వుకుని వెళ్ళాను. వెళ్ళగానే ఆయన అడిగాడు, ఏమిటి ఇబ్బంది అని. ఇబ్బందేం లేదండీ, బాగానే నడుస్తోంది అన్నాను. ఆ అమ్మాయి ఆ మాటకి నా వంక చూసి, చున్నీ కొస నోట్లో కుక్కుకుంది. నవ్వాపుకోడానికి. అప్పుడేరా నా పని అయిపోయింది.

ఆ రోజు పదకొండు సున్నాలు. పదకొండు. టైర్లకి కొట్టిన నల్లరంగు మీదే రెండు చుట్టింది, అరిగిపోయి గుండులా ఉన్నాయి మరి. అది సరే, అన్నిటికన్నా సిగ్గుచేటు ఇంకోటుంది. డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం ఒకటి ఎప్పుడూ వెలుగుతూ ఉండేది, ఇంజనాయిలు తగ్గిందని. ఎక్కినవాళ్ళల్లా, బాబూ అదేంటి వెలుగుతోంది, బాబూ పేలదు కదా అని ప్రాణం తీస్తుంటే, సబ్బు పెట్టె మీది గులాబీ బొమ్మ కత్తిరించి జిగురు పెట్టి దాని మీద అంటించేశాను. ముచ్చటగా ఉండేది కూడా. ఆ పిల్ల గోరుతో ఒక్క గీకు గీకి, నాన్నా, గులాబీ కింద ఎర్రదీపం అంది. ఆయన కళ్ళు తెరవలేదు. ఎన్నాళ్ళయిందో కనుక్కో అన్నాడు. ఎనిమిది నెలలండీ అని నేను చెప్పలేదు, ఈమధ్యేనండీ అన్నాను. చిన్నప్పుడు మాస్టారి ముందు కూడా అంత నంగిగా మాట్లాడలేదు నేను.

ఇంక చూడు నా బతుకు. పదకొండు సున్నాల బండి వేసుకుని స్టాండుకొస్తే తోటి డ్రైవర్లు వదుల్తారా? ఏంట్రా, బండికి పరీక్షలు పెట్టారా, అన్నీ సున్నాలేనా అని ఒకడు, ఫెయిలయితే మళ్ళీ రాయొచ్చులే అని ఇంకొకడు. బడిపిల్లలు వెంటపడి లెక్కపెట్టేవాళ్ళు. పట్టుదలొచ్చి ఒక్కొక్కటే బాగుచేయించి, ఒక్కొక్కటే తుడిచాను. నర్సమ్మ మళ్ళీ ఎక్కింది. ఇంక ఆ షెడ్డుతో నాకు పనే లేదు, న్యాయంగా అయితే. కానీ కాళ్ళు ఊరుకోవుగా. నెల తిరక్కుండానే ఓ గతుకులో చక్రం పడిందని వెళ్ళాను. వానలొస్తున్నాయి వైపర్లు చూడండి అని వెళ్ళాను. వానలు వెలిసిపోయాయి, బ్రేకుల్లోకి నీళ్ళు పోయాయేమో చూడండి అని వెళ్ళాను. జ్వరంతో పది రోజులు బండి తియ్యలేదు, కదలకుండా ఉన్న బండిని చూపించాలని మీరే అన్నారుగా అని వెళ్ళాను. దూరపు బేరం వచ్చింది, వెళ్ళేముందు ఓసారి అని వెళ్ళాను. ఇవన్నీ ఆయన చెప్పినవేరా, బండిని ఎప్పుడెప్పుడు చూపించుకోవాలో. నేనేమీ కల్పించలేదు, కాకపోతే ఊళ్ళో అందరికన్నా భక్తిగా పాటించాను. పెడలు నిన్నటికన్నా గోరంత ఎక్కువ దిగినా చాలు, నా గుండె గంతేసేది. వెళ్ళడానికి సాకు దొరికిందని.

సున్నాలేమో తగ్గుతున్నాయి. ఆరు, నాలుగు, రెండు. ఒక ఆదివారం మీ అమ్మమ్మ బండి చుట్టూ తిరిగింది, గోతిలో దిగింది, పైకొచ్చింది, చాక్‌పీసు డబ్బాలో పడేసింది. ఏమీ లేవు నాన్నా అంది. ఆయన లేచి కూర్చుని నా భుజం తట్టాడు. ఈ ఊళ్ళో సున్నాల్లేని బండి ఇదొక్కటేనోయ్, ఇంక ఆరు నెలల దాకా నువ్వు రానక్కర్లేదు అన్నాడు. మెచ్చుకుంటుంటే ఏడుపొచ్చింది నాకు. ఆరు నెలలంటే మాటలా? ఈలోగా ఆ పిల్లని ఎవడికైనా ఇచ్చేస్తే? నోరు తెరిచి అడుగుదామంటే, సున్నాలు చూపించుకోడానికి వచ్చినవాడు పిల్లని అడగడమేంటి అంటాడేమోనని భయం.

అందుకని ఒక వెధవ పని చేశాను. మరుసటి నెల ఆదివారం, వాళ్ళ వీధి మొదట్లో బండి ఆపి, వెనక బ్రేకు దీపం బల్బు విప్పదీసీ తీయనట్టు వదులు చేశాను. ఒక్క సున్నా చాలు కదా, మళ్ళీ రావడానికి. షెడ్డుకెళ్ళి, దూరం వెళ్ళే పనుందండీ అన్నాను. ఆయన వెనక సీట్లో పడుకున్నాడు. బ్రేకు తొక్కు అన్నాడు. తొక్కాను. మీ అమ్మమ్మ బండి వెనక నిలబడి ఉంది. అద్దంలోంచి చూస్తున్నాను, వంగింది, ఏదో తిప్పింది, లేచి, రెండూ వెలుగుతున్నాయి నాన్నా అంది. అని నా కిటికీ దగ్గరికి వచ్చి, వాళ్ళ నాన్నకి వినపడకుండా గొంతు బాగా తగ్గించి, "మళ్ళీ ఇలాంటి పని చేశావంటే నీ మొహం మీద సున్నా చుడతాను. అడగాలనుంటే నోటితో అడుగు" అంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. భయానికో సంతోషానికో ఇప్పటికీ తెలీదు.

ఆయన చెవులు మామూలు చెవులా? చక్రంలో చీమంత రాయి ఉన్నా వినేవాడు, ఈ గుసగుస వినడా? లేచాడు. దిగాడు. నన్ను దిగమన్నాడు. ఆ మనిషికి కోపం రావడం అదే మొదటిసారి చూశాను. అరవలేదు. అరిస్తే బాగుండేది. "పాడయ్యాక నా దగ్గరికి బండి వస్తుంది అబ్బాయ్, ఒక్కోసారి మనిషి రాడు. అది చూసి చూసే ఆ అట్ట రాశాను. నువ్వు బాగున్న బ్రేకు దీపం చెడగొట్టి, జనంలో నడుపుకుంటూ వచ్చావు. నీ చేతికి నా కూతుర్నెలా ఇస్తాను?" అన్నాడు. అయిపోయిందనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నీ దగ్గర దాచడమెందుకు. తల వంచుకుని నిజం చెప్పేశాను. నడపలేదండీ, వీధి మొదట్లో విప్పాను, అక్కణ్ణించి మీ షెడ్డు దాకా తోసుకుంటూ వచ్చాను, బ్రేకు దీపం లేని బండి నడపకూడదని మీరేగా చెప్పారు అన్నాను.

ఆయనకి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఎదురు కొట్టు దర్జీ మిషను ఆపి, అవును మేస్త్రీగారూ, ఎద్దులా తోశాడు, ఆ ఎత్తు దగ్గర నేనే ఓ చెయ్యి వేశాను అని అరిచాడు. అందుకా ఆ చొక్కా అలా తడిసిపోయింది అని మీ అమ్మమ్మ. అంతే, ఆయనకి నవ్వు మొదలైంది. ఆగదే. గోతి అంచున కూలబడిపోయి, పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటాడు, మళ్ళీ నా చొక్కా చూస్తాడు, మళ్ళీ నవ్వుతాడు. దర్జీ నవ్వు, మీ అమ్మమ్మ నవ్వు. నేనొక్కణ్ణే బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. చివరికి ఆయన కూతురి వంక చూశాడు. ఆవిడ తల దించుకోలేదు, ఊ అంది. అప్పుడు నాకొక్కటే షరతు పెట్టాడు. నెలనెలా మొదటి ఆదివారం బండి తీసుకురావాలి, ఎంత పనున్నా తప్పకూడదు అన్నాడు. తెస్తానండీ, ఒట్టు అన్నాను. అదేం షరతు, అదే నాకు వరం.

పెళ్ళయ్యాక వేరే ఊరికి మారాం, గంటన్నర ప్రయాణం. అయినా నెలనెలా వెళ్ళాం. బండిలో ఏ లోపమూ ఉండేది కాదు, నేను ఉండనిచ్చేవాణ్ణి కాదు. కానీ ఆయన చూడ్డం మాత్రం తెమిలేది కాదు. ఒక్కో చక్రం విప్పేవాడు, తుడిచేవాడు, మళ్ళీ బిగించేవాడు. మీ అమ్మమ్మ స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్తూనే ఉండేది, ఆయన పాన పట్టుకుని ఊ కొడుతూనే ఉండేవాడు. బిగించిన నట్టే మళ్ళీ బిగించేవాడు. మధ్యాహ్నం దాటిపోయేది. ఒకసారి దార్లో మీ అమ్మమ్మతో, మీ నాన్నకి వయసు మీద పడింది, చెయ్యి నెమ్మదించింది అని నేను గొణిగితే, ఆవిడ నా వంక అదోలా చూసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నాకు బుర్ర వెలగలేదురా. ఇన్ని దీపాలు చూశాను గానీ అదొక్కటి వెలగలేదు.

మీ అమ్మ పెళ్ళయి, బండెక్కి వెళ్ళిపోయిన రోజు తెలిసింది. మూడో రోజు వాళ్ళు ఇంటికొస్తే మీ నాన్నని పక్కకి పిలిచాను. బాబూ, నెలనెలా మొదటి ఆదివారం నీ బండి ఓసారి నాకు చూపించాలి, తప్పకూడదు అన్నాను. ఆయన పాపం తెల్లబోయి, నాకు బండి లేదు మామయ్యా, సైకిలే అన్నాడు. అదే తీసుకురా అన్నాను. వచ్చారురా, ఇద్దరూ, ఆ సైకిలు మీద, నెలనెలా. సైకిలుకి చూడ్డానికి ఏముంటుంది, రెండు బ్రేకులూ ఒక గొలుసూ. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా చూసేవాణ్ణి.