మూడు ప్లేట్లు, మూడో ప్రకటన

గిద్దలూరు రైల్వే క్వార్టర్సు, శనివారం మధ్యాహ్నం. ముందుగదిలో టిక్కెట్ల గుమాస్తా వరప్రసాదం, తీసుకెళ్ళిన గ్రామఫోను ప్లేట్లు తిరిగి ఇవ్వడానికి వచ్చిన పాస్టరుగారి కూతురు సంతోషమ్మ. వంటింట్లో వరప్రసాదం తల్లి జ్ఞానమ్మ.

“కాదు కాదు కాదు, ముల్లు తియ్యబాక! ఇప్పుడొస్తాది చూడు... ఇదో, ఇదో... వచ్చె! విన్నావా సంతోషమ్మా, ఆ బూర ఎట్ల పైకెక్కిందో!”

“విన్నా. పోయినసారీ విన్నా, అంతకుముందూ విన్నా. ఎక్కింది సరే, దిగేదెప్పుడు?”

“దిగదు! అదే జాజ్ అంటే. బూరాయన ఒక దిక్కు పోతాడు, పియానో ఆయన ఇంకో దిక్కు. డ్రమ్ములాయన ఇద్దర్నీ తరుముకుంటాడు. ఆఖరికి అందరూ ఒక్క స్టేషన్లోనే దిగుతారు.”

“టిక్కెట్లిచ్చేటోడివి, నీకట్లనే తోస్తాది. నాకైతే పెండ్లి మేళం వాళ్లు కల్లు తాగి కొట్లాడినట్టుండాది. కానీ ఏందో, నవ్వొస్తాది. నవ్వు ఆగదు నాకు!”

“ఒరే వరప్రసాదం! ఆ బూర ఆపుతావా, నన్ను బావిలో పడమంటావా?”

“అయిపాయెనమ్మా! ఒక్క నిమిషం!”

“నేను ఆపిస్తా ఉండత్తా! జరుగు నువ్వు. ఇప్పుడు నాది పెట్టు. ఆ అమెరికా నల్లామెది. మళ్లీ నేను వినబోయేది లేదు.”

“ఎందుకు వినవు?”

“ఎందుకా? రేపు మూడో ప్రకటన గాదా! రెండు ఆదివారాలు గుళ్లో నా పేరూ కర్నూలు కరుణాకరం పేరూ చదివిరి. రేపు మూడోసారి. ఎవురూ లేచి అభ్యంతరం చెప్పకుంటే ఇంక పెండ్లే. ఆయనకు పాటలు గిట్టవంట. గ్రామఫోను సైతాను నోరంట. చూసేదానికి వచ్చిన రోజే చెప్పినాడు.”

“అవునా... అట్లనా... ఈ ప్లేటు కొంచెం గీసుకపోయింది, చూసినావా?”

“ప్లేటు సంగతి గాదు నేను చెప్పేది.”

“పెడతాండా, పెడతాండా. ముందే చెప్తాండా, ఏడవబాక.”

“నేనెందుకు ఏడుస్తా?”

“పోయినసారి పైటకొంగు తడిపినావు గదా.”

“అది ఏడుపు గాదు! ఆమె గొంతెత్తితే ఈస్టరు పొద్దున మన గుళ్లో అందరూ లేచి నిలబడినట్టుంటాది. ఒక్క మాట అర్థం గాదు, ఒళ్లంతా జల్లుమంటాది. ఏమంటారంటివి దాన్ని?”

“సోల్. మార్టిన్ దొర చెప్పినాడు, ఇంజను డ్రైవరీ మానేసి ఆస్ట్రేలియా పోతా పోతా. ‘వరప్రసాద్, ఈ పెట్టె నీకే, ఈ ఊర్లో నువ్వొక్కడివే కూచోని వింటావు’ అనె. సోల్ అంటే ఆత్మంట.”

“ఆత్మా! అయితే మా నాయన గూడా తప్పు పట్టడు. అయ్యో, కీ ఇవ్వు, కీ ఇవ్వు! నిద్రొచ్చినట్టు సాగదీస్తాంది పాపం!”

“ఇస్తాండా! నా చెయ్యి మీద నీ చెయ్యి పెడితే ఎట్ల తిప్పేది?”

“నేనా పెట్టింది? నువ్వే పెట్టినావు.”

“నేనా? సరే... తిప్పుదాం.”

“ఏందిరా పాట ఆగిపాయె?”

“కీ ఇస్తాండామమ్మా!”

“ఇద్దరూనా?”

“బిగుసుకపోయిందత్తా! చానా బిగుసుకపోయింది!”

“నవ్వులు చాలుగానీ, ఫిడేలు ప్లేటు పెట్టండి.”

“నీకు ఈ పెట్టే గిట్టదంటివి గదమ్మా?”

“బూర గిట్టదన్నా. ఫిడేలు గిట్టదన్నానా? ఆ తెల్లాయన గబగబా వాయిస్తాడే, అది. అది వింటే అంట్లు వాటంతటవే తోముడైపోతాయి.”

“పెట్టు పెట్టు! అత్తకు నచ్చినప్పుడే పెట్టు! అబ్బబ్బ, ఏం ఉరుకుడు! గొర్రెల మందను వదిలిపెట్టినట్టు! కాళ్లు ఆగడంల్యా నాకు! అత్తా, నువ్వు ఎగరతాండావా ఏంది? గిన్నెలు మోగుతాండాయి!”

“కాలు జారిందిలే! వాయించనీ, ఆపబాకండి!”

“చూసినావా సంతోషమ్మా, మా అమ్మ ఎట్ల బయటపడిందో! ముగ్గురికీ మూడు రకాలు. ఇల్లు ఇట్లుంటే ఎంత బాగుంటాది...”

“ఎట్లుంటే?”

“ఇట్ల... ప్లేట్లు... అందరూ...”

“చెప్పు. ఈ ఒక్కసారన్నా నోరు తెరిచి చెప్పు. రేపు నువ్వు లేస్తావా, లేవవా?”

“మీ నాయన్ను చూస్తే నాకు నోరు పెగలదు సంతోషమ్మా. ఆయన కండ్లద్దాలు సర్దుకుంటేనే చేయని పాపాలు గూడా ఒప్పుకుంటా నేను.”

“నువ్వు లేవకపోతే నేను లేస్తా.”

“పెండ్లికూతురే లేస్తాదా ఎక్కడన్నా!”

“ఎవరికైనా అభ్యంతరముంటే అనే గదా చదివేది? పెండ్లికూతురికి తప్ప అని చదవరే! నాకు కర్నూలు వద్దు. ఆ రాజధానిని హైదరాబాదు ఎత్తుకపోయినాక ఆడేముంది? నాకు ఈ క్వార్టర్సే కావాల. నువ్వే కావాల. ఆ పాడు బూరతో సహా!”

“ఏందీ? మళ్లీ చెప్పు! బూరతో సహానా? యేసయ్యా! లేస్తా! నేనే లేస్తా! బెంచీ ఎక్కి మరీ లేస్తా!”

“లేచి ఏమంటావు? అను, వింటా.”

“అయ్యగారూ... నేను... ఈ అమ్మాయి... ఈ అమ్మాయికి జాజ్ అంటే నవ్వొస్తాది, అందుకని...”

“అయ్యో దేవుడా! అట్లంటే ఎవురిస్తారు పిల్లను!”

“ఇద్దరూ కూచోండి ఆడ. ఫిడేలు గూడా ఆపండి. నేను మాట్లాడాల.”

“అమ్మా, నువ్వు అంతా వింటివా?”

“వినేదానికే గదరా ఇందాకట్నించీ ఒకే గిన్నె తోముతాండా! పొద్దున్నే పాస్టరుగారి దగ్గరికి పోయినా నేను. అయ్యా, నీ కూతురు ఊర్లో మగోళ్లందర్నీ అన్నా అని పిలుస్తాది, నా కొడుకును మాత్రం ఒక్కనాడూ పిలవలా, ఇదేందో కనుక్కో అని చెప్పినా.”

“అత్తా! మా నాయన ఏమనె?”

“అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ‘నేనడిగితే నా బిడ్డ నాకు భయపడి సరే అంటాది జ్ఞానమ్మా. ప్లేట్లు ఇచ్చి రమ్మని పంపిస్తా, దాని నోటి మాట నువ్వే విను. కర్నూలు వాళ్లకు నేను చెప్పుకుంటా’ అనె. విన్నా గదా, ఇప్పుడే పోయి చెప్పొస్తా.”

“అంటే... రేపు ప్రకటన చదవరా అమ్మా?”

“ఎందుకు చదవరు? చదువుతారు. మూడోది గాదు, మొదటిది. మీ ఇద్దరి పేర్లతో.”