ఎలుకలు వెళ్ళిపోయాక

చంటిబిడ్డతో భార్య ఎల్లుండి వస్తుందని, చలికాలమంతా మూసి ఉన్న కొండమీది ఇంటిని అతను కడిగించాడు. చూడడానికి వచ్చిన అక్క అడవి ఎలుకల మీద పరిశోధన చేసే మనిషి. గుమ్మం దాటగానే వంగి కాళ్ళు గోక్కుంది.

“ఇల్లు బాగుందిరా. లోపలున్నవాళ్ళు ఎదురొచ్చి మరీ కరిచారు.”

“ఎవరక్కా? మంచుకి ఎలుకలు కూడా ఎప్పుడో పోయాయి.”

“వాటి ఒంటిమీద గెంతే పురుగులు పోలేదు నాయనా. నీలా కంగారుపడే రకం కాదవి. చిన్న గూడు అల్లుకుని, తిండీ తిప్పలూ లేకుండా నెలల తరబడి లోపలే పడుంటాయి.”

“మరి ఇప్పుడెందుకు లేచాయి?”

“నేల అదిరితే భోజనం నడిచొచ్చిందని వాటి లెక్క. ఇవాళ్టి భోజనం నేను.”

“మందు కొట్టించానుగా.”

“గూట్లో ఉన్నవాటికి అది తగల్లేదు. నాకు మాత్రం బాగా తగిలింది, తల పగిలిపోతోంది.”

అతని ముఖం వాడిపోయింది. “నీ మరదల్ని ఇప్పటికే రెండుసార్లు ఆగమన్నానక్కా. మళ్ళీ ఆగమంటే ఇక రానే రానంది.”

అక్క చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచింది.

“వాక్యూమ్ తీసుకురా. పసిదాన్ని కరిచేలోపు మనల్నే కరవనిద్దాం. లేచినవాటిని లేచినట్టు పీల్చేద్దాం.”

అతను బిక్కుబిక్కుమంటూ ఆమె వెనకే గదిలోకి అడుగుపెట్టాడు.

“గట్టిగా నడవరా. దొంగలా నడిస్తే ఒక్కటీ లేవదు.”