ఓడ ఇనుము

ఆ పెదవి తుడుచుకోరా ముందు. నెత్తురు చొక్కా మీదికి కారుతోంది. కొట్టినాను, అవును. ఆ మాట ఇంకోసారి అంటే ఇంకోసారి కొడతాను. మందం ఎక్కువ వేసినామంట, మందం! ట్యాంకుకు పది మిల్లీమీటర్ల ప్లేటు అడిగితే పన్నెండు వేసినామని దానం చేసినట్టు చెబుతున్నావే, నిన్ను మందం ఎవరడిగినార్రా?

లేవొద్దు. అక్కడే కూర్చో. నీ కాళ్ల దగ్గరున్న ఆ ముక్కను చూడు మాథ్యూ. నువ్వు షెడ్డుకు రాకముందు నేను చేసిన పని అది. ఈ ట్యాంకుకు వాడగా మిగిలిన ప్లేటులోంచి జానెడు ముక్క కోసి, అంచున గాటు పెట్టి, ఐసూ ఉప్పూ కలిపిన బకెట్లో ముంచి పెట్టినాను. మన నాయన చేసే పద్ధతే కదా. ఆనక వైసులో బిగించి సమ్మెట ఎత్తినాను.

మంచి బాయిలర్ ప్లేటైతే వంగుతుంది. మొండిగా, కసిగా వంగుతుంది, కానీ విడిపోదు. ఇది వంగలేదురా! ఒక్క దెబ్బకు ఫట్‌మని విరిగి, సగం ముక్క నా చెవి పక్కనుంచి దూసుకుపోయి రేకు గోడలో దిగింది. విరిగినచోట చూడు, పటికబెల్లం పలుకుల్లాగా ఎట్లా మెరుస్తోందో.

ఏంది? నీళ్లు నింపి పంపు కొట్టినప్పుడు చుక్క కారలేదంటావా? ఆ నీళ్లు మే నెలలో నాయుడుపేట నీళ్లురా నాయనా. చెయ్యి పెడితే కాలినాయి. రేపు దీంట్లో నిలిచేది అమ్మోనియా. నీళ్లను రాయిగా మార్చే చలి అది. ఎండలో మన మాట విన్న ఇనుము ఆ చలిలో వింటుందని ఎవరు చెప్పినారు నీకు?

ఇనుము మార్చడమంటే ఏందనుకున్నావు? అంగట్లో కందిపప్పు లేదంటే పెసరపప్పు తెచ్చుకున్నట్టా? బలానికి బలం సరిపోతే చాలనుకున్నావు. నేనూ అట్లాగే అనుకున్నాను, దాచను. అసలు ప్లేటు రావాలంటే నెలన్నర పడుతుందన్నారు. సముద్రంలో చేపల వేట నిషేధం ఎత్తేసే నాటికి మైపాడు ఐసు ఫ్యాక్టరీ తిరగాలన్నారు. అప్పుడు నువ్వు చెన్నై పోయి, పగలగొట్టిన ఓడ ప్లేట్లు లారీకెత్తించుకొచ్చినావు. "ఇన్నేళ్లు సముద్రాన్నే ఆపిన ఇనుము అన్నా, కాస్త గ్యాసును ఆపలేదా?" అన్నావు.

ఎంత బాగుందిరా ఆ మాట! తీరాన పుట్టినవాళ్లం కదా. సముద్రం సాక్ష్యం చెబితే మనకు ఇంకో సాక్షి అక్కర్లేదు.

పగిలినప్పుడు ఎట్లుంటుందో ఎప్పుడైనా ఆలోచించినావా? ముందు చప్పుడు రాదు. మూత ఊడి, ఎదురున్న మనిషితో సహా గోడను పగలగొట్టుకుని పోతుంది. తర్వాత గ్యాసు. కళ్లను ఉడకబెడుతుంది. గాలి పీలిస్తే రొమ్ములో నిప్పు పోసినట్టే. పరుగెత్తుదామంటే దారి కనబడదు, ఎందుకంటే చూపే మిగలదు. బయట ఐసు కోసం గంపలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు ఉంటారు. వాళ్లకు ఏం జరిగిందో కూడా తెలియదు.

ఆ... మస్తానయ్యా! ఆ హారన్ ఆపవయ్యా, చెవులు పోతున్నాయి! ఏంది? అన్నదమ్ములు సరసాలాడుకుంటున్నారా అంటావా? సరసాలే. నీ లారీ వెనక్కి తిప్పుకో. ఈ ట్యాంకు ఎక్కడికీ రాదు.

నువ్వెందుకురా లేస్తున్నావు? బతిమాలి ఎక్కించుకుంటావా? ఎక్కించుకో. పో. ముందు ఆ వెనకవైపు పోయి చూడు.

చూసినావా? గ్యాసు కట్టరుతో దాని కడుపు నేనే కోసినాను. మనిషి దూరేంత కంత. ఎర్రగా కారుతూ, అరుస్తూ తెగింది. ఆపుదామనుకుంటూనే కోసినాను. నీ మీద కోపమో, నా మీద కోపమో, ఆ మంట ముందు తేడా తెలియలేదు.

ఏమన్నావు? మళ్లీ అను.

మన అక్క కొడుకు రాజ్ కుమార్ ఆ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడనే కదా నాకీ నొప్పి అంటావా?

కొట్టనులే, చేతులడ్డం పెట్టుకోకు. నిజమే అన్నావు. నిన్న సాయంత్రం అక్క ఫోన్ చేసి, "మీ ట్యాంకు వస్తే దాని పక్కన డ్యూటీ వీడిదేనంటరా" అని సంబరంగా చెప్పింది. దాని తర్వాతే నాకు నాయన పద్ధతి గుర్తొచ్చింది. ముక్కా, బకెట్టూ, సమ్మెటా, అన్నీ ఆ తర్వాతే. అక్కడ వేరే ఎవరి బిడ్డో ఉండుంటే, ఈపాటికి తాళ్లు బిగించి మస్తానయ్యకు టాటా చెప్పుండేవాణ్ని.

ఇంకోటి కూడా అడుగు. అడగవేం? పోయిన నెల ఒంగోలు దగ్గర రొయ్యల ఫ్యాక్టరీకి ఇంకో ట్యాంకు పంపినాం. అదే ఓడ, అదే ప్లేటు. ఇప్పటికి గ్యాసు నింపి నడిపిస్తుంటారు. దాని పక్కనా ఎవడో ఒకడు నిలబడుంటాడు. వాడికీ ఒక మేనమామ ఉండే ఉంటాడు.

ఫోను జేబులోనే ఉంది. తీసి, ఆ ఒంగోలు వాళ్ల నంబరు చూసి, మళ్లీ పెట్టేసినాను. ఏమని చెప్పేది? చెబితే ఈ షెడ్డుకు తాళం పడుతుంది, నువ్వూ నేనూ జైలు కూడు తింటాం. చెప్పకపోతే... ఏమో, ఆ ట్యాంకు పగలకుండా నిలబడినా నిలబడొచ్చు. ఏళ్ల తరబడి నిలబడొచ్చు.

అట్లా చూడకు. నీ దగ్గరా ఫోనుంది కదా, నువ్వు చెయ్. ఇదిగో, ఆపను. చేతులు కట్టుకుని కూర్చుంటాను.

ఊఁ.

చెయ్యవు కదూ. ఒక నాయన బిడ్డలమేలే. పద, టీ తాగొద్దాం.