ఊరు అడగొద్దన్నానా లేదా?

ఊరు అడగొద్దని చెప్పానా లేదా? ముందది చెప్పు నాగేంద్రా. తల దించుకోవడం తర్వాత. మిగతావాళ్ళందర్నీ టీకి పంపించేశాను. చెప్పు.

సర్వే ట్రైనింగు మొదలైన రోజే మొత్తుకున్నానా? సూది ఎవరితో పంచుకున్నావని అడగండి. ఎవరి దగ్గర పడుకున్నావని కూడా అడగండి, సిగ్గేం లేదు. ఊరు మాత్రం అడగొద్దు, ఎవరబ్బాయివని అసలే అడగొద్దు. అబ్బే! మనవైపు మనిషి కనపడితే నీ నోరు ఊరుకుంటేగా? 'ఏవూరు అన్నా మీది? యెవురింటోళ్ళు?'

ఏంటీ? ఊరు కలిస్తే మనసు విప్పుతాడనా? విప్పాడుగా! అమ్ఘరా తుక్కు యార్డులో పాత ఇనుము కోసుకునే మునీంద్ర, తనకి వీసా ఇచ్చిన కఫీల్‌కి తెలిస్తే ఫ్లైటెక్కిస్తాడని వణికిపోయేవాడు, నీ ముందు చొక్కా చేతులు మడిచి సూది మచ్చలు చూపించాడు. ఒకే సూది గదంతా తిప్పుకున్నామన్నాడు. అప్పుడైనా నోరు కుట్టేసుకోవాలి కదయ్యా!

అమ్మకి ఫోన్ చేస్తావా? 'మన మునీంద్ర కనపడ్నాడు మా, మా సర్వేకి వచ్చినాడు' అనా?

రోగం మాట ఎత్తలేదా? ఆహా, ఎంత జాగ్రత్త! మా వాడు కువైట్లో మత్తుమందుల మీదా, ఎయిడ్స్ మీదా సర్వే చేస్తున్నాడని మీ అమ్మ ఎప్పుడో ఊరంతా చాటింది. ఇంక నువ్వు ఎత్తేదేముంది? ఆవిడ పాలకేంద్రం దగ్గర పాలు పోసి వెనక్కి తిరిగేలోపు మునిలక్ష్మి చెవిన పడింది. వాడి పెళ్ళాం చెవిన! ఆ పిల్ల వాడికి ఫోన్ చేసి నిలదీసింది. మేమే బయటపెట్టామనుకోడూ? అవును, మేమే కదా!

సెలవు మీద ఇంటికెళ్ళేముందు నా దగ్గరికి వస్తానన్నాడయ్యా వాడు. ఇక్కడ రక్తపరీక్షలో రోగం తేలితే ఇఖామా ఖలాస్, ఈ దేశంలో ఉండే పర్మిటే పోతుంది. అందుకే, చెన్నైలో దిగీ దిగగానే గుట్టుగా పరీక్ష చేయించుకో, అది తేలేదాకా పెళ్ళాం దగ్గరికి పోకు అని చెబుదామనుకున్నా. ఆ ఒక్క ముక్క చెప్పడానికే కదా ఈ చదువులూ, ఈ ట్రైనింగులూ! ఏడీ? ఫోన్ ఎత్తడు. మన డ్రైవర్ అన్వర్ బాషాని వాడి గదికి పంపిస్తే, మొన్ననే విమానమెక్కేశాడట.

ఏడవకు. ఏడిస్తే నాకింకా ఒళ్ళు మండుతుంది.

ఇంకోటి విను. పొద్దున మునిలక్ష్మి నాకు ఫోన్ చేసింది. నంబరు మీ అమ్మే ఇచ్చిందట, మహాతల్లి. 'ఇంటికొచ్చినాడు మేడం. అడిగితే కసురుకుంటాండాడు. మీ సర్వేకి నిజంగా వచ్చినాడా? మీరు చెప్తే నమ్ముతా' అంది.

ఏం చెప్పానా?

బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి మీకేం నేర్పాను? వచ్చిన మనిషి వచ్చాడని కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పకూడదని. అదే చేశాను. ఆ పేరుగలాయన రాలేదమ్మా, నాకు తెలీదు అన్నాను.

'అట్లయితే పాలకేంద్రం కాడ ఆయక్క ఒట్టిదే చెప్పిందా! సల్లని మాట చెప్పినారు మేడం, మీ కాళ్ళకు దండం' అని ఎంత సంతోషపడిందో! ఏడ్చినంత పనిచేసింది.

ఇవాళ ఆ పిల్ల నిశ్చింతగా వాడి పక్కన పడుకుంటుంది. నా మాట నమ్మి.

కళ్ళు తుడుచుకో. వెళ్ళి వాళ్ళని పిలువు, క్లాసు మొదలెడదాం.