ఏ షాపుకు పోయినా ఇదే

నిజాంపేటలో పెండ్లికార్డులు అచ్చువేసే చిన్న దుకాణం. లోపల సక్కుబాయి, ఆమె భర్త రామచంద్రం. ఎదురుగా నిలబడ్డది శివశంకర్, మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్ల షాపు ఆయనది.

“ఇదొక్కటేనా వదినా?”

“ఒక్కటే.”

“గోడ నిండ కార్డులే ఉన్నయి కదా!”

“అవి చూస్తానికి. నీకిచ్చేది ఇదే శివశంకర్. గులాబి రంగు, కింద ఏనుగు.”

“మా జ్యోత్స్నకు గులాబి రంగంటే పడదు. పెండ్లి దానిది.”

“అలవాటైతది.”

“రామచంద్రమన్నా, నువ్వన్న చెప్పు.”

“సక్కూ, జర మంచిగ మాట్లాడు. శుభకార్యం మీదొచ్చిండు.”

“మంచిగనే మాట్లాడుతున్న. ఆయన దుకాణంల నాతోని ఎట్ల మాట్లాడిండో అట్లనే మాట్లాడుతున్న. పోయినేడు నిన్ను ఏమడిగిన శివశంకర్? యాదున్నదా?”

“ఇప్పుడదెందుకు...”

“యాదున్నదా?”

“పాత సిస్టమున్న కంప్యూటర్ అడిగినవు. లేదన్న. ఉంటే ఇయ్యనా? కంపెనీవాళ్లే లోపల నింపి పంపుతరు.”

“సరే, వేరే రకం సిస్టమన్న ఇయ్యమన్న. మా పైన హాస్టల్ల ఉండే పిల్లలు, ఉత్తగనే వచ్చేదొకటి ఉన్నదని చెప్పిన్రు. అదన్న వెయ్యమన్న.”

“వేస్తే నాకు మాల్ బంద్ చేస్తరు వదినా. సిస్టం లేని ఖాళీ మిషిన్లు ఇయ్యున్రని నేను గూడ అడిగిన. తీస్కుంటే తీస్కో లేకుంటే పో అన్నరు. నా చేతుల ఏమున్నది?”

“ఆ మాట నాకు చెప్పినవా? ‘ఏ షాపుకు పోయినా ఇదే, నాలుగొద్దులైతే అలవాటైతది’ అని నవ్వినవు. అందరి ముంగట. హైటెక్ సిటీల అన్ని అద్దాల బిల్డింగులున్నయి, నాకొక్కదానికి వేరేది దొరకదా అంటే, ‘వాళ్లు ఎక్కేది గూడ ఇదే బస్సు, నువ్వు గూడ ఎక్కు’ అన్నవు.”

“నవ్వులాటకు అన్న.”

“నేను గూడ నవ్వులాటకే చూపిస్తున్న. గులాబి రంగు. ఏనుగు.”

“సరే, గులాబే కానీ. ఏనుగే కానీ. మల్లన్న బొమ్మ మాత్రం మా పెద్దబిడ్డ కార్డు మీదున్నదే ఉండాలె. మీసాల మల్లన్న, నువ్వు గీసింది. అది లేకుంటే మా అమ్మ బండారి పసుపు పెట్టదు. అమ్మ పసుపు చెయ్యి పెట్టనిది ఒక్క కార్డు గూడ మా గడప దాటదు.”

“ఆ బొమ్మ పాత కంప్యూటర్ల ఉండె.”

“సక్కూ, ఆ బొమ్మ...”

“నువ్వు ఆ కార్డులు కట్టలు కట్టుకో, మధ్యల రాకు! పాత కంప్యూటర్ల ఉండె శివశంకర్. కొత్తదానికి మార్పిడి కింద దాన్ని నువ్వే తీస్కపోతివి. అన్నీ కొత్తదాంట్లకు ఎక్కిచ్చిన అన్నవు.”

“ఎక్కిచ్చిన కదా!”

“ఎక్కిచ్చినవు. బొమ్మ తెరుచుకోలే. రాసినయి తెరిస్తే అక్షరాలు లేవు, డబ్బాలు. మా నాయిన పాటలన్నీ డబ్బాలు. తెలుగు కొట్టే మా పాత ప్రోగ్రాం కొత్తదాంట్ల నడవదని అమ్మేటప్పుడు ఎందుకు చెప్పలే?”

“నాకు తెల్వది వదినా, ఒట్టు.”

“మల్లన్న మీద ఒట్టా?”

“నడుమ దేవున్నెందుకు తెస్తవు!”

“తెల్లారే ఉరికొచ్చిన. నా పాతది నాకియ్యి అన్న. ఏమన్నవు?”

“తుక్కుకు పోయిందన్న.”

“మా నాయిన కొమురయ్య ఒగ్గుకథ చెప్తే ఊరంత కూసుండేది. గొంతు పోతదని తెలిసి, ఇగో ఈ స్టూలు మీద కూసొని ఒక్కొక్క పాట పాడిండు. నేను కొట్టిన. ఏ కాయితం మీద లేవు. ఆయన పోయిండు. పాటలు నీ తుక్కుల పోయినయి. ఇగ మల్లన్నను ఎక్కడికెల్లి తెమ్మంటవు?”

“ఇంకో బొమ్మ గియ్యరాదూ.”

“గియ్య. ఏనుగున్నది కదా, దానికే బండారి పెట్టుమను మీ అమ్మను.”

“వదినా!”

“ఏ దుకాణానికన్న పో. నేను గీసిన మల్లన్న ఎవని దగ్గర దొరుకుతడో చూస్త.”

“జరాగు... జరాగు. ఆ తుక్కోడు అన్నీ తీస్కపోయిండో లేదో. ఏ మూలకన్న పడున్నదేమో, ఒకపారి చూసొస్త.”

“చూసిరా. దేవుడున్నడు.”

“... పోయిండు సక్కూ. బండి ఎట్ల ఉరికిస్తుండో చూడు. దేవుని పటం కింద కూసొని మనిషిని ఇట్ల పరేషాన్ చెయ్యొచ్చునా? వాని చేతుల గూడ ఏం లేదంటుండు.”

“లేకుంటే లేదను. నవ్వుడెందుకు? అబద్ధమాడుడెందుకు?”

“మరి నువ్వు...”

“నేను?”

“ఏం లేదు. పైన మల్లన్న ఇంటుండు అంటున్న.”

“ఇననియ్యి. నేనడిగేది ఆయన పాటలే. నాయిన సంవత్సరీకం వచ్చే. ఆ పొద్దు పాడెటోడు లేడు, చదువుదామంటే డబ్బాలు. ఇంటి ఆడబిడ్డను, నన్నేం చెయ్యమంటవు?”

“ఏమో సక్కూ. తప్పో ఒప్పో నాకైతే తెలుస్తలేదు. అగో, వచ్చిండు.”

“అన్నా, జర ఓ చెయ్యి పట్టు! అబ్బ, ఏం బరువు! వదినా, నీ అదృష్టం. మూలకు దొరికింది.”

“మూలకున్నదానికి దుమ్మేది శివశంకర్?”

“తుడిసిన.”

“వెచ్చగున్నదేంది?”

“ఎండల తెచ్చిన కదా.”

“సరే. ఏమయ్యా, బండారి ఇటియ్యి. ఇంత పెట్టినంక తీగ కలుపు.”

“వచ్చింది సక్కూ! తెర వచ్చింది.”

“ఆగు... ఆగు... నాయినవి... ఇగో. అక్షరాలు! డబ్బాల్లేవు! చదువయ్యా, నాకు కండ్లు ఆనుతలేవు.”

“‘మందకు ముందర నడిచేటి మల్లన్నా, మా వాకిట్ల నిలువవయ్యా...’”

“రాగం తియ్యకు, నాయిన రాగం వేరు. అచ్చు తియ్యి. అన్నీ తియ్యి. కాయితానికి ఏ సిస్టమూ అక్కరలేదు.”

“వదినా, ఇగ బొమ్మ.”

“ఏ బొమ్మ?”

“మల్లన్న బొమ్మ! కార్డుకు!”

“అది దీంట్లకెల్లి తియ్యక్కరలేదు.”

“మరేడున్నది?”

“నీ ఎనుక. మీ అన్న పొద్దటికెల్లి కట్టలు కడుతున్నయి చూడు, అవే నీ కార్డులు. పసుపు రంగు. మీద మీసాల మల్లన్న. జ్యోత్స్న వచ్చి పెద్దదాని కార్డు ఇచ్చిపోయింది, చూసి గీసిన.”

“అన్నా! నువ్వన్న చెప్పొద్దా!”

“చెప్పబోతే ఆపింది తమ్మీ. నువ్వు గూడ చూస్తివి.”

“సరే వదినా. గెలిచినవు. కార్డులియ్యి, నా మిషిన్ నాకియ్యి.”

“నీ మిషినా?”

“అంటే... మా బిల్లుల ప్రోగ్రాం గూడ కొత్తదాంట్ల నడవది. దుకాణంల మనుషులు నిలబడున్నరు వదినా, బిల్లులాగినయి!”

“నీ దుకాణం నిండ కొత్తయే కదా. ఒకటి పెట్టుకో. నాలుగొద్దులైతే అలవాటైతది.”

“అది మా దుకాణం ఎనుక అర్రల ఉన్నదని నీకెవరు చెప్పిన్రు?”

“జ్యోత్స్న. పెండ్లికి నాకేం చీర పెడుతవే అంటే, ‘చీరెందుకు పెద్దమ్మా, మా నాయిన బిల్లులు కొట్టేది నీ కంప్యూటర్ మీదనే, అదే తెచ్చుకో’ అన్నది.”