పాముకు పురుడు పోసిన డాక్టరుగారు

అధ్యక్షులు నర్సయ్యగారికి, పెద్దలకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మన పశువైద్యులు రామ్మోహనరావుగారికి, వారి సతీమణి రాజరాజేశ్వరిగారికి, గేదెలను కాసేపు ఇంట్లోవాళ్లకు అప్పగించి వచ్చిన తెల్లాపూర్ మిత్రులకు నమస్కారం. నా పేరు జ్యోత్స్న. కొత్తగా కట్టిన హైటెక్ సిటీలో ప్రోగ్రామర్‌ని. నాకు గేదె లేదు, పాము ఉంది. (నవ్వులు)

కుర్చీలు సర్దుకోకండి, దాన్ని తేలేదు. ఊరు వదిలి వెళ్లిన స్నేహితురాలు నాకు అప్పగించిన విదేశీ పాము, విషం లేనిది, పేరు బంగారి. పోయిన వేసవిలో అది తిండి మానేసి, కుబుసం విడిచి, నడుం కింద లావెక్కి, గాజుపెట్టె మూలలన్నీ ముక్కుతో తోస్తూ తిరగసాగింది. చచ్చిపోతుందని నేను ఏడుస్తుంటే మా ఇంటి ఓనరు రుక్కమ్మ, "ఏడిస్తే ఏమొస్తది బిడ్డా, దవాఖానకు తీస్కపో" అన్నది.

బంగారిని బుట్టలో పెట్టుకుని ఇక్కడి పశువుల దవాఖానకు తెచ్చాను. డాక్టరుగారు బుట్ట మూత తెరిచి, వెంటనే మూసి, మంచినీళ్లు తాగి, మళ్లీ తెరిచారు. పొట్ట కింద వేలితో మెల్లగా తడిమి, "రోగం కాదమ్మా, గుడ్లు" అన్నారు.

"మగపాము లేదు కదా సార్?"

"పుంజు లేకపోయినా కోడి పెట్టదూ? ఇదీ అంతే. పిల్లలు రావు. నువ్వు చెప్పినవన్నీ గుడ్లు పెట్టే ముందు కనిపించే గుర్తులే. అది చోటు వెతుక్కుంటోందమ్మా. దొరక్కపోతే గుడ్లు లోపలే ఇరుక్కుని ప్రాణం మీదికొస్తుంది."

ఒక డబ్బాకు పాము దూరేంత కన్నం చేసి, లోపల తడి నాచు పరిచి గాజుపెట్టెలో పెట్టమన్నారు. అంతటితో ఆగక, రోజూ సాయంత్రం స్కూటరు మీద మియాపూర్‌లో మా ఇంటికి వచ్చి చూసి వెళ్లేవారు. చివరికి బంగారి ఆ డబ్బాలో చుట్ట చుట్టుకుని గుడ్లన్నీ పెట్టేసింది. రుక్కమ్మ, "తల్లి మంచిగున్నదా సారూ?" అంటూ ఆయన నోట్లో చక్కెర పోసింది.

అప్పుడు ఆయన గాజుపెట్టెకు రెండడుగులు దూరం జరిగి, "చిన్నప్పటినుంచీ పాములంటే చచ్చేంత భయమమ్మా, మా ఇంట్లో చెప్పకు" అన్నారు. (ఆగి) అమ్మగారూ, చెప్పేశాను. (నవ్వులు)

"మరి ఎందుకొచ్చారు సార్?" అంటే, "నొప్పులతో ఉన్నదాన్ని వదిలేసి ఇంట్లో అన్నమెలా తింటానమ్మా?" అన్నారు.

సార్, నిజామాబాద్ నుంచి వచ్చిన నాకు ఇక్కడ ఆఫీసు తప్ప ఎవరూ లేరనుకునేదాన్ని. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, ఇక్కడ నాకూ నా అనేవాళ్లున్నారు, నా గురించి ఫికర్ చేయకండని అమ్మతో చెప్పాను. ఆ మాట మీ ముందు చెప్పుకోవడానికే మైకు అడిగాను.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక నాకు సెలవిప్పించండి.