ఆ కవరు విప్పవద్దు

అమ్మలారా, అయ్యలారా. ఇంత ఎండలో వచ్చి ఈ ఆసుపత్రి భోజనాల గదిలో ఇరుక్కుని కూర్చున్న అందరికీ దండం. కుర్చీ దొరక్క గోడకి ఆనుకున్నవాళ్ళకి ఇంకో దండం. మన మత్తు డాక్టరమ్మ పోయి ఈ రోజుకి తొమ్మిది రోజులు. నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. ముప్పై నాలుగేళ్ళు ఇక్కడి ఆపరేషన్ గదికి స్ట్రెచర్ తోసినవాణ్ణి, ఐదు నిమిషాలు నాకు చాలవు. నా తర్వాత మాట్లాడేవాళ్ళు పెద్ద చదువులవాళ్ళు. వాళ్ళు కాస్త ఆగుతారు.

నా ముందు మాట్లాడిన ఇద్దరూ ఆవిడ దేవత అన్నారు. కాదండీ. కోపిష్ఠి మనిషి. పని తెలిసిన మనిషి. దేవతని చేసేస్తే ఆవిడ చేసిన పని మనకి కనపడదు.

ఏమిటా పని? కేన్సర్ గడ్డని కోసి తీసేది సర్జను. కోసేటప్పుడు తెలియకుండా నిద్రపుచ్చేది ఆవిడ. గడ్డ పోయింది, మెలకువ వచ్చింది, ఇంక మత్తు డాక్టరుతో పని అయిపోయిందని మనమంతా అనుకున్నాం. ఆవిడ అనుకోలేదు. కత్తి పడిన ఆ రెండు మూడు గంటల్లో ఒంటికి కాపలా కాసే బలం కాస్త తగ్గుతుందట. గడ్డలోంచి జారిన కణం ఒకటో రెండో ఆ సందు చూసుకుని ఎక్కడో నక్కవచ్చునట. మరి ఆ గంటల్లో మనమిచ్చే మత్తూ, మనమిచ్చే నొప్పిమందూ ఆ కాపలాని ఇంకా జోకొడుతున్నాయా? మాస్కు పెట్టి పీల్పించే మత్తు ఒకటుంది. నరంలోకి ఎక్కించే మత్తు ఒకటుంది. రెండూ నిద్రపుచ్చుతాయి. ఐదేళ్ళు పోయాక ఎవరికి జబ్బు తిరగబెడుతుంది, ఎవరికి తిరగబెట్టదు? గట్టిగా చెప్పగలిగినవాళ్ళు లేరు. తెలియదని ఒప్పుకోవడానికి ఎంత చదువు కావాలో నాకు ఆవిణ్ణి చూశాకే తెలిసింది.

అందుకని కవర్లు పెట్టింది. ఒప్పుకున్న రోగికి ఒక మూసిన కవరు. లోపల కాగితం మీద ఒకటే మాట. గాలి, లేకపోతే నరం. వరస తప్పకుండా, ఆపరేషన్ గది గుమ్మం దగ్గరే విప్పాలి. ఎవరికి ఏది వస్తుందో ఆవిడ చేతిలో ఉండదు, సర్జను చేతిలో ఉండదు, రోగికి చెప్పరు. ఆ కవర్లు మోసేవాణ్ణి నేను.

ఇప్పుడు నా సిగ్గుమాలిన పని నేనే చెబుతాను. మా ఆవిడకి రొమ్ములో గడ్డ వచ్చింది. నరం మందు మీద డాక్టరమ్మకి కొంచెం ఆశ ఉన్నట్టు నా చెవిన పడింది. ఎక్స్‌రే ఫిలిం చూసే దీపం పెట్టె ఉంటుంది కదా, దాని మీద మా ఆవిడ కవరు పరిచాను. నాలుగో తరగతి దాటనివాణ్ణి, కూడబలుక్కుని చదివాను. గాలి. దాని కింద ఉన్న ఇంకో రోగి కవరు పరిచాను. నరం. మార్చేశాను.

ఇద్దరి ఆపరేషన్లూ ఆ మార్చిన కవర్ల ప్రకారమే అయిపోయాయి. మూడో రోజున డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. "ఏది మంచిదో నాకు తెలిస్తే అందరికీ అదే ఇచ్చేదాన్ని కదా పెద్దాయనా, తెలియకే కదా ఈ అవస్థంతా" అంది. ఆ వారమే కవర్లన్నిటికీ లోపల నల్లకాగితం వేయించింది. మా ఆవిణ్ణీ, ఆ రెండో కవరు ఆమెనీ లెక్కలోంచి తీసేసింది. అంతటితో వదిలిందా? ఆ రెండో ఆమె మంచం దగ్గరికి నన్ను లాక్కెళ్ళి, చేసిన పని నా నోటితోనే చెప్పించింది. ఆమె బట్టలు ఇస్త్రీ చేసుకునే మనిషి. అంతా విని, "సరేలే అన్నా, వదిన ఎలా ఉంది?" అని అడిగింది. అంతకంటే చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది.

రెండేళ్ళు గడిచాయి. మా ఆవిడ శుభ్రంగా తిరుగుతోంది. నా నోరు ఊరుకోదు కదా, చూశారా, నరం మందే మంచిదని డాక్టరమ్మతో అన్నాను. "ఇస్త్రీ ఆమె కూడా శుభ్రంగానే ఉంది, ఆమెకి ఏం చెబుతావు?" అంది.   ఇద్దరూ అదిగో, ఆ కిటికీ పక్కన కూర్చున్నారు.

ఇంకొకటి. ఒక దర్జీకి కడుపు ఆపరేషనైంది. నొప్పిమందు వేసుకుంటే కేన్సర్ తిరగబెడుతుందని ఎవరో ఊదారు. పాపం, పళ్ళు బిగించుకుని పడుకున్నాడు. నొప్పికి దగ్గలేడు, కఫం ఛాతీలో పేరుకుపోతోంది. డాక్టరమ్మ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. "నొప్పి ఓర్చుకోవడం వైద్యం కాదు. ఏ మందు మేలో నేను వెతుకుతున్నాను, మందు మానమని ఎవరికీ చెప్పలేదు" అని, సూది పడేదాకా కదల్లేదు. ఈ మాట మాత్రం ఇంటికి పట్టుకెళ్ళండి. వెధవ పుకార్లు విని నొప్పితో పడి ఉండకండి.

తర్వాత ఆవిడకే వచ్చింది. పేగులో. ఈ పరిశీలన నడిపే మనిషిని లెక్కలో కలపడం కుదరదని పెద్దలన్నారు. కలపకండి, కవరు మాత్రం తీయండి అంది. "నేను తీయనంటే, రేపు వచ్చేవాళ్ళని ఏ మొహం పెట్టుకుని తీయమంటాను?" అంది. అప్పటికి నేను రిటైరయ్యాను. అయినా ఆ రోజు స్ట్రెచర్ నేనే తోశాను. గుమ్మం దగ్గర కవరు విప్పుతుంటే గోడ వైపు తిరిగి నిలబడ్డాను. మెలకువ వచ్చాక ఆవిడ అడిగింది ఒక్కటే, తన నొప్పిమందు టైముకి పడిందా అని. లెక్కలో లేని కాగితం కనుక మళ్ళీ అంటించి ఆవిడ చేతికే ఇచ్చేశారు. రెండున్నరేళ్ళు అది ఆవిడ దగ్గరే ఉంది. జబ్బు తిరగబెట్టాక కూడా విప్పలేదు. మనలో ఎవరం ఆగగలం?

ఆ కవరు ఇప్పుడు ఆవిడ తమ్ముడి గారి జేబులో ఉంది. నిన్న నాకు చూపించి, ఈ సభలో విప్పుతానన్నారు.

తమ్ముడు గారూ, అక్క ఎందుకు పోయిందో తెలుసుకోవాలని మీకు ఉంటుంది. ఆ కవరు మీది, కాదనను. కానీ ఆ కాగితం ఆ సంగతి చెప్పదు బాబూ. గాలి అని ఉంటే గాలి చంపిందంటారు. నరం అని ఉంటే నరం చంపిందంటారు. ఒక్క మనిషిని చూసి తేలిపోయేదైతే మీ అక్క ఆరువందల మందిని ఎందుకు అడిగింది? ఆ లెక్క పూర్తవడానికి ఇంకా నలభై ఒక్కమంది కావాలి. ఆవిడకే పనిచెయ్యలేదట అని విని, ఈ వారంలో ముగ్గురు వెనక్కి వెళ్ళిపోయారు. వద్దనే హక్కు వాళ్ళకుంది. కానీ పుకారు విని వద్దనకూడదు. మీరు ఇక్కడ ఆ మాట చదివితే, సాయంత్రానికి వార్డంతా అదే మాట. నాలుగో మనిషి గుమ్మం దాకా రాడు. ఇన్నేళ్ళ పని అక్కడితో సరి.

నేను ఊరుకోను. రేపు పొద్దున్నించి ఆ గుమ్మం బయట బల్ల మీద కూర్చుంటాను. వచ్చినవాళ్ళకి నేను చేసిన పని చెబుతాను, ఆవిడ చేసిన పని చెబుతాను. ఒప్పుకుంటే కవరు. లేదంటే దండం పెట్టి లోపలికి పంపుతాం, వాళ్ళ వైద్యం వాళ్ళకి జరుగుతుంది. నలభై ఒక్కమందీ అయ్యేదాకా ఇదే నా ఉద్యోగం. జీతం అడగను, సెలవు పెట్టను.

ఇంక లేవండి. కుట్లు ఆరనివాళ్ళు కూర్చునే ఉండండి, ఆవిడ ఉంటే మిమ్మల్ని లేవనిచ్చేది కాదు. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడవద్దు, నాతో సహా. తమ్ముడు గారూ, ముందు మీరు లేవండి. జేబు మీంచి చెయ్యి తీసి కిందికి వదలండి. మీ వెనక మేమందరం నిలబడతాం.